ఎలుగుబంటి పెంటలో పురుగు గుడ్లు చూడటం ఎలా: తోటలో ఏరినప్పటి నుంచి స్లైడు మీద లెక్కపెట్టే దాకా

జీడితోటల రైతులు, ఫారెస్టు బీటు సిబ్బంది, వెటర్నరీ చదువుతున్న పిల్లలు, జూలో ఎన్‌క్లోజర్లు కడిగే కీపర్లు అందరూ నన్ను అడిగేది ఒక్కటే: "ఎలుగు పెంటలో పురుగులుంటాయట, మనకు అంటుకుంటాయా? ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది?" ఫోన్లో ప్రతిసారీ ముక్కలుముక్కలుగా చెబుతున్నాను. సగం చెప్పి పెట్టేశాక అసలైన జాగ్రత్త మరిచిపోయానని గుర్తొస్తుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఇక్కడ నేను మాట్లాడేది మన కొండల్లో తిరిగే ఎలుగు గురించి, అంటే చెదపుట్టలు తవ్వి, రేగు, నేరేడు, తునికి పళ్ళు, ఇప్పపువ్వు తిని బతికే నల్ల జూలు ఎలుగు గురించి. శ్రీకాకుళం ఉద్దానంలో ఇది జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి వస్తుంది. తెలంగాణలో గుట్టల బండరాళ్ళ మధ్య గుహల్లో ఉంటుంది. మిగతా దేశాల ఎలుగులకూ పద్ధతి ఇదే, పెంటలో కనిపించే తిండి మాత్రం వేరు.

వెతుకుతున్నది దేనికోసం

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఐదు పేర్లు గుర్తుంచుకుంటే చాలు.

ఏలికపాము. ఎలుగుల్లో ఉండే రకం పేరు బేలిసాస్కారిస్ ట్రాన్స్‌ఫ్యూగా. పేగుల్లో ఉండి గుడ్లు పెడుతుంది. తాజా పెంటలో ఉన్న గుడ్డు వెంటనే అంటుకోదు. మట్టిలో సుమారు రెండు వారాలు ఉండి, లోపల లార్వా (పురుగు పిల్ల) తయారయ్యాకే అది ప్రమాదం. ఆ తర్వాత మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఈ లార్వాలు ఒళ్ళంతా తిరిగి మెదడు దాకా చేరాయి. జపాన్‌లో ఒక సఫారీ తరహా జూలో, అంతకుముందు ఎలుగులున్న చోట కోతులను ఉంచితే, వాటిలో కొన్ని ఈ లార్వాల వల్లే చనిపోయాయని 2005లో పరిశోధకులు ప్రచురించారు. జూ కీపర్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

కొంకిపురుగు. దీని గుడ్డు మన ఎండలకు ఒకటి రెండు రోజుల్లోనే పగిలి లార్వా బయటికొస్తుంది. వారం పది రోజుల్లో ఒట్టికాళ్ళ చర్మంలోంచి దూరగల దశకు చేరుతుంది.

స్ట్రాంగిలాయిడ్స్. ఇదీ పేగుల్లో ఉండే సన్నటి పురుగే. దీని పిల్లలూ చర్మంలోంచే దూరతాయి. తాజా పెంటలో గుడ్డుగానో, కదిలే లార్వాగానో కనిపిస్తుంది.

జియార్డియా, క్రిప్టోస్పోరిడియం. ఇవి పురుగులు కావు, ఏకకణ జీవులు. నీళ్ళలో కలిసి నోట్లోకి పోతాయి. పెంట వాగు పక్కనో, ఊటచెలమ దగ్గరో ఉంటే వీటి గురించి ఆలోచించాలి.

ట్రైకినెల్లా అనే పురుగు గురించి కూడా అడుగుతుంటారు. అది పెంట పరీక్షలో దొరికేది కాదు. దాని లార్వాలు కండలో దాక్కుంటాయి, మాంసం తింటే వస్తుంది. మన దేశంలో ఎలుగును వేటాడటమే నేరం. ఎలుగు వేటకు అనుమతి ఉన్న అమెరికా, కెనడాల్లో ఉండే మనవాళ్ళెవరైనా స్నేహితుల ఇంట్లో ఆ మాంసం తినాల్సి వస్తే ఒక్కమాట: లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉడకాలి. ఫ్రీజర్లో పెట్టాం కదా అంటే కుదరదు. 2022లో కెనడాలో వేటాడిన ఎలుగు మాంసాన్ని ఫ్రీజర్లో 45 రోజులు ఉంచి, తర్వాత అమెరికాలో ఒక కుటుంబం సరిగా ఉడకకుండా తిన్నది. ఆరుగురికి జబ్బు చేసింది. ఆ ఆరుగురిలో ఇద్దరు మాంసం ముట్టలేదు, దాంతో కలిపి వండిన కూరగాయలే తిన్నారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

సేకరణకు:
- రబ్బరు గ్లవ్స్ రెండు జతలు, మాస్కు, బూట్లు. చెప్పులు పనికిరావు.
- మూత బిగుతుగా ఉండే 50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు. లేకపోతే మందుల షాపులో దొరికే మూత్ర పరీక్ష డబ్బాలు.
- ఐస్‌క్రీం పుల్లలు లేదా చెక్క చెంచాలు. ఒక్కో పెంటకు ఒక్కో పుల్ల.
- ఐసు ప్యాకులున్న చిన్న బాక్సు.
- స్కేలు, ఫోన్, నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను సిరా తడికి కరిగిపోతుంది, పెన్సిలు రాత చెరగదు.

పరీక్షకు:
- మైక్రోస్కోపు. 10, 40 రెట్ల ఆబ్జెక్టివ్‌లు (స్లైడు వైపు ఉండే కటకాలు) ఉంటే సరిపోతుంది.
- స్లైడులు, కవర్‌స్లిప్పులు, నిటారుగా నిలిచే గాజు గొట్టాలు.
- టీ వడపోసే జల్లెడ (వంటింట్లోది కాదు, దీనికని వేరేది), రెండు ప్లాస్టిక్ గ్లాసులు.
- అర గ్రాము తేడా పట్టగలిగే తూకం.
- ఉప్పు లేదా పంచదార. జియార్డియా కోసమైతే జింక్ సల్ఫేట్, లూగోల్ అయోడిన్.
- మెక్‌మాస్టర్ స్లైడు (గీతలు గీసిన రెండు గదులుండే స్లైడు) ఉంటే గుడ్లు లెక్కపెట్టవచ్చు. లేకపోతే ఉన్నాయా లేవా అన్నంత వరకే తేలుతుంది.

ముందు రెండు మాటలు

అనుమతి. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు. అభయారణ్యంలోకి వెళ్ళాలంటేనే అటవీశాఖ అనుమతి ఉండాలి, పరిశోధన కోసమైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర్నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. మీ సొంత తోటలో కనిపించినా ముందు బీటు ఆఫీసరుకు చెప్పండి.

ప్రాణం. పురుగు కంటే ఎలుగే పెద్ద ప్రమాదం, ఇది మరిచిపోకండి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు మనుషుల మీద పడి ఏం చేసిందో ఉద్దానం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. తాజా పెంట అంటే ఎలుగు దగ్గర్లోనే ఉండొచ్చని అర్థం. తెల్లవారుజామున, మసక చీకట్లో వెళ్ళకండి. బాగా వెలుగొచ్చాక, ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. పొదల లోపల, గుహ మొదట్లో ఉన్న పెంటను వదిలేయండి. ఆ ఒక్క నమూనా లేకపోతే ఏమీ నష్టం లేదు.

ఎలా చేయాలి

1. అది ఎలుగు పెంటేనా, ముందు తేల్చుకోండి. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. పళ్ళ కాలంలో ఎలుగు పెంట పెద్ద కుప్పగా, మెత్తగా, గింజలు గింజలుగా ఉంటుంది. పళ్ళు లేని రోజుల్లో ముదురు రంగులో, మట్టి కలిసి, చెదల తలలతో నిండి ఉంటుంది. ఆ తలలు తేనెరంగులో, ఆవగింజ కంటే చిన్నగా మెరుస్తాయి. చుట్టుపక్కల చెదపుట్టకు లోతుగా, గరాటులాగా తవ్విన గొయ్యి ఉంటే అనుమానం ఇంకా తగ్గుతుంది. చిరుత పెంటలో వెంట్రుకలు, ఎముక ముక్కలుంటాయి, కొస సన్నగా ఉంటుంది. దుమ్ములగొండిది ఎండితే సున్నంలా తెల్లబడుతుంది. పునుగుపిల్లి కూడా గింజలు విసర్జిస్తుంది, కానీ అది సన్నగా, తరచు బండల మీద ఉంటుంది. ఎక్కువమంది పొరబడేది ఊరకుక్క పెంట దగ్గర. కుక్క కూడా తోటలో పళ్ళు తింటుంది. దాని కడుపులో కూడా ఏలికపాములు, కొంకిపురుగులు ఉంటాయి. వాటి గుడ్లు స్లైడు మీద ఎలుగు పురుగుల గుడ్ల లాగానే కనిపిస్తాయి. అనుమానం ఉంటే తీసుకోకండి.

2. ముట్టుకోకముందే ఫొటో తీయండి. పక్కన స్కేలు పెట్టి ఒకటి, చుట్టూ ఉన్న నేల కనిపించేలా ఒకటి. అడుగుజాడ ఉంటే అది కూడా. తేదీ, సమయం, చోటు, చెట్టునీడా ఎండా అన్నది అక్కడే రాసుకోండి. ఇంటికెళ్ళి రాద్దామంటే మూడు డబ్బాల్లో ఏది ఎక్కడిదో కలిసిపోతుంది.

3. వయసు అంచనా వేయండి. ఏప్రిల్లో ఒక జీడితోటలో మాకు తోడొచ్చిన వాచరు పుల్లతో కుప్పను కాస్త విప్పి చూపించాడు. పైపొర అప్పుడే బిగుస్తోంది, లోపల పసుపుపచ్చటి జీడిపండు పీచు ఇంకా తడిగా, పులిసిన వాసనతో ఉంది. "రాత్రిదే బాబూ, పైన పొర కట్టనేదు సూడండి" అన్నాడు. పుస్తకాల్లో ఏమున్నా మీరు చూడాల్సింది ఇదే: పొర, తడి, వాసన. పేడపురుగులు తొలిచి, కింద పొడి మట్టి కుప్పలు పోసి ఉంటే అది పాతది. పన్నెండు గంటల లోపుదైతే మంచిది. వేసవిలో ఒకరోజు దాటితే కొంకిపురుగు గుడ్లు పగిలిపోయి ఉంటాయి, గుడ్డు కోసం వెతికి లేదనుకుంటారు.

4. నడిమి నుంచి తీయండి. నేలకు ఆనిన భాగం, పైన ఎండిన భాగం వద్దు. కుప్పలో మూడు నాలుగు చోట్ల లోపలి నుంచి తీసి, మొత్తం 15–20 గ్రాములు డబ్బాలో పెట్టండి. నేల మట్టి తగిలితే మట్టిలో స్వేచ్ఛగా బతికే సన్నపురుగులు కూడా డబ్బాలోకి వస్తాయి. అవి మైక్రోస్కోపు కింద అచ్చం స్ట్రాంగిలాయిడ్స్ లాగే మెలికలు తిరుగుతాయి. నా తొలి రోజుల్లో ఒక నమూనాలో అవి కుప్పలుగా కనిపిస్తే ఎలుగుకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ అని రిపోర్టు రాసేశాను. మరుసటి వారం అదే తోటలో ఒట్టి మట్టి తెచ్చి చూస్తే అవే పురుగులు. రిపోర్టు వెనక్కి తీసుకున్నాను. అప్పట్నుంచి ప్రతి పెంటతోపాటు రెండడుగుల దూరం నుంచి ఒక చెంచాడు మట్టి వేరే డబ్బాలో తెస్తాను. మీరూ తెండి. ఆ మట్టిలో లేని పురుగు పెంటలో ఉంటేనే అది ఎలుగుదని అనడానికి వీలుంటుంది.

5. మూడు భాగాలు చేయండి. ఒకటి ఉన్నదున్నట్టు ఐసు బాక్సులో. దీన్ని ఆ రోజే, కాదంటే మర్నాటి లోపు చూడాలి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి. డీప్‌ఫ్రీజర్లో పెట్టకండి, కొంకిపురుగు గుడ్లు పాడైపోతాయి. రెండోది 10 శాతం ఫార్మలిన్‌లో: ఒక వంతు పెంట, మూడు వంతులు ద్రవం, బాగా కలపాలి. షాపులో దొరికే ఫార్మలిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు పోస్తే అదే 10 శాతం. కిటికీలు తెరిచి కలపండి, ఆవిరి కళ్ళను మండిస్తుంది. మూడోది 70 శాతం లేదా అంతకంటే గాఢమైన ఇథనాల్‌లో. పురుగు ఏ జాతిదో డీఎన్‌ఏ ద్వారా తేల్చాలంటే ఈ భాగమే పనికొస్తుంది, ఫార్మలిన్‌లో పెట్టింది పనికిరాదు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఫార్మలిన్ పోశాం కాబట్టి అంతా చచ్చిపోయిందనుకోకండి. ఏలికపాము గుడ్డు పెంకు అంత గట్టిది. ఫార్మలిన్‌లో పెట్టి అలమారలో ఉంచిన ఒక సీసాలోంచి నెలరోజుల తర్వాత విద్యార్థులకు చూపిద్దామని ఒక చుక్క తీశాను. గుడ్డులోపల లార్వా చుట్టచుట్టుకుని, నెమ్మదిగా పక్కకు ఒత్తిగిలుతోంది. గదిలో అందరూ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయారు. అప్పటిదాకా ఆ సీసాను ఎంతమంది ఒట్టిచేతులతో ఎత్తిపెట్టారో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. పాత సీసాలను తాజావాటికంటే జాగ్రత్తగా పట్టుకోండి.

6. తేల్చే ద్రవం తయారు చేయండి. గుడ్లు నీళ్ళకంటే బరువు, అందుకే వాటికంటే బరువైన ద్రవంలో పైకి తేలతాయి. సులువైనది ఉప్పునీళ్ళు. లీటరు వేడినీటిలో 400 గ్రాముల ఉప్పు వేసి తిప్పండి. చల్లారాక అడుగున కొంచెం ఉప్పు కరగకుండా మిగలాలి, అప్పుడే నీళ్ళు పట్టినంత పట్టినట్టు. పైన తేరిన ద్రవం వాడండి. సాంద్రత 1.20 ఉండాలి. హైడ్రోమీటరు లేకపోతే 100 మిల్లీలీటర్లు కొలిచి తూయండి, 120 గ్రాములకు దగ్గరగా రావాలి. కోడిగుడ్డు తేలింది కదా అని సరిపెట్టుకోకండి, అది ఇంతకంటే చాలా పలచటి ఉప్పునీటిలో కూడా తేలుతుంది.

ఎండాకాలం, పొడి గాలిలో ఉప్పునీళ్ళ స్లైడు ఇరవై నిమిషాల్లో స్ఫటికాలు కడుతుంది. ఆలస్యమయ్యేటట్టుంటే పంచదార పాకం నయం: 355 మిల్లీలీటర్ల నీటిలో 454 గ్రాముల పంచదార, సన్నటి సెగ మీద కరిగించాలి, మరిగించకూడదు. బూజు పట్టకుండా కొద్దిగా ఫార్మలిన్ కలిపి, సీసా మీద "విషం" అని పెద్దగా రాయండి. పాకం సీసాను ఇంట్లో పిల్లలు అందుకునే చోట పెట్టొద్దు. జియార్డియా కోసం ఈ రెండూ వద్దు, దాని సిస్టులు (గట్టి పొర కట్టుకుని పెంటలో బయటికొచ్చే దశ) నలిగిపోతాయి. జింక్ సల్ఫేట్ లీటరు నీటికి 330 గ్రాములు కలిపి, సాంద్రత 1.18కి తెచ్చుకోండి.

7. ముందు నేరుగా ఒక స్లైడు చూడండి. అగ్గిపుల్ల తల అంత పెంటను ఒక చుక్క సెలైన్‌లో కలిపి, కవర్‌స్లిప్ వేసి, 10 ఆబ్జెక్టివ్‌తో చూడండి. కింద పెట్టిన పత్రికలోని అక్షరాలు స్లైడు గుండా చదవగలిగినంత పలచగా ఉండాలి. కదిలే లార్వాలు ఇక్కడే తెలుస్తాయి. పక్కన ఇంకో స్లైడులో లూగోల్ అయోడిన్ చుక్క వేయండి, జియార్డియా సిస్టులు గోధుమరంగు పట్టి తేలిగ్గా దొరుకుతాయి. ఈ స్లైడులో ఏమీ లేకపోతే ఏమీ తేలినట్టు కాదు, ఎందుకంటే చూసింది మరీ కొంచెం.

8. తేల్చండి. 3 గ్రాముల పెంట తూచి, తేల్చే ద్రవంతో మొత్తం 45 మిల్లీలీటర్లకు తెండి. బాగా చిదిపి, జల్లెడలో వడపోయండి. ఎలుగు పెంటలో గింజలు, చెదల తలలు ఎక్కువ కాబట్టి రెండుసార్లు వడపోయాల్సి వస్తుంది. తూచే ముందే పెద్ద గింజలు ఏరేయండి, లేదంటే మీ 3 గ్రాముల్లో రెండు గ్రాములు నేరేడు గింజలే ఉంటాయి. గొట్టంలో అంచు పైకి కాస్త ఉబ్బెత్తుగా వచ్చేదాకా పోసి, మీద కవర్‌స్లిప్ పెట్టి, 15 నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత నిటారుగా పైకెత్తి స్లైడు మీద పెట్టండి.

సెంట్రిఫ్యూజ్ ఉంటే నిమిషానికి 1200–1500 చుట్లతో 5 నిమిషాలు తిప్పి, ఆ తర్వాత కవర్‌స్లిప్ పెట్టండి. దీంతో దొరికేవి ఎక్కువ. ఊళ్ళో అది లేదని మానేయకండి, గొట్టం పద్ధతి పనిచేస్తుంది.

9. వరుసగా చూడండి. కవర్‌స్లిప్ ఒక మూల నుంచి మొదలుపెట్టి, దుక్కి దున్నినట్టు ఒక సాలు వెళ్ళి, పక్క సాలులో వెనక్కి రండి. అక్కడొకటి ఇక్కడొకటి చూసి లేవకండి. 10తో మొత్తం చూసి, అనుమానమున్న చోట 40 పెట్టండి.

ఏలికపాము గుడ్డు గుండ్రంగా లేదా కొంచెం కోలగా, గోధుమరంగులో, 70–90 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. పెంకు దళసరి, పైన చిన్న గుంటలతో గరుకుగా ఉంటుంది. కొంకిపురుగు గుడ్డు కోలగా, పెంకు సన్నగా, సుమారు 60 మైక్రాన్ల పొడవు ఉండి, లోపల ద్రాక్షగుత్తిలా నాలుగు నుంచి పదహారు కణాలుంటాయి. స్ట్రాంగిలాయిడ్స్ గుడ్డు అంతకంటే చిన్నది, లోపల అప్పటికే మడత పెట్టిన లార్వా ఉంటుంది. జియార్డియా సిస్టు కోలగా 8–15 మైక్రాన్లు. క్రిప్టోస్పోరిడియం 4–6 మైక్రాన్లే కాబట్టి దానికి ప్రత్యేకంగా రంగు వేసే లేబొరేటరీకి పంపడమే మంచిది. మామూలు స్లైడు మీద ఈస్టును చూసి అదేననుకునేవాళ్ళు చాలామంది.

మైక్రాన్లు కొలిచే గీతల కంటిపలక లేకపోతే, పక్కన ఒక రక్తపు స్మియరు (స్లైడు మీద పలచగా పూసిన రక్తం) పెట్టుకుని పోల్చండి. మనిషి ఎర్రకణం అడ్డం 7–8 మైక్రాన్లు. పదికణాలు పక్కపక్కన పెట్టినంత ఉంటే అది ఏలికపాము గుడ్డు పరిమాణం. కొలవకుండా పేరు పెట్టకండి.

10. లెక్క. మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదుల్లోనూ ద్రవం నింపి, ఐదు నిమిషాలు ఆగి, గీతల లోపల ఉన్న గుడ్లన్నీ లెక్కపెట్టండి. పైన చెప్పిన కొలతలతో అయితే రెండు గదుల మొత్తాన్ని 50తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వస్తుంది. మొత్తం 7 గుడ్లు కనిపిస్తే గ్రాముకు 350.

ఈ అంకెను మరీ నమ్ముకోకండి. చెదలతోపాటు మట్టి మింగిన రోజు పెంటకూ, పళ్ళు దండిగా తిన్న రోజు పెంటకూ బరువు వేరు. అదే ఎలుగు, అవే పురుగులు, అంకె మాత్రం సగానికి పడిపోతుంది. వేర్వేరు కాలాల లెక్కలను పోల్చేటప్పుడు పెంటలో తిండి ఏముందో కూడా పక్కన రాయండి. నేను చూసిన రిపోర్టుల్లో దాదాపు ఎవరూ ఇది రాయరు, కానీ రాయాల్సిందే.

11. శుభ్రం. బ్లీచింగ్ ఏలికపాము గుడ్డును చంపదు, ఫినాయిలు కూడా అంతే. దాన్ని చంపేది వేడి. గాజుసామాను, జల్లెడ మరిగే నీళ్ళలో వేయండి. బల్ల మీద కూడా సలసల కాగే నీళ్ళే పోయండి. మిగిలిన పెంట, గ్లవ్స్ ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్ర) 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచండి. ఆ సౌకర్యం లేకపోతే కాల్చేయండి. ఫార్మలిన్‌లో ఉన్నదాన్ని మాత్రం కాల్చకండి, వేడిచేయకండి. దాన్ని మీ కాలేజీ లేదా లేబొరేటరీ రసాయన వ్యర్థాలతోపాటు ఇవ్వండి. గ్లవ్స్ తీశాక సబ్బుతో గోళ్ళ కింద దాకా కడుక్కోండి. శానిటైజరు ఈ గుడ్లకు పనిచేయదు.

పదేపదే జరిగే పొరపాట్లు

గుడ్డు కానిదాన్ని గుడ్డు అనుకోవడం. గాలిబుడగ అంచు నల్లగా, లోపల ఖాళీగా ఉంటుంది. పుప్పొడి రేణువులు అన్నీ ఒకే అచ్చు పోసినట్టుంటాయి, ముళ్ళో గాట్లో ఉంటాయి, ఇప్పపువ్వు కాలంలో మరీ ఎక్కువ. నల్లుల్లాంటి అతిచిన్న పురుగుల (మైట్ల) గుడ్లు కొంకిపురుగు గుడ్డులాగే ఉంటాయి కానీ దాదాపు రెట్టింపు పెద్దవి. మొక్కల నూగు లార్వాలాగా వంపు తిరిగి కనిపిస్తుంది, లోపల పేగు ఉండదు, తోక నుంచి తల దాకా ఒకే గొట్టం. కొలతలు వేస్తే వీటిలో ముప్పాతిక వంతు అక్కడికక్కడే తేలిపోతాయి.

తిన్నదాంట్లోని పురుగును ఎలుగుకు అంటగట్టడం. ఎలుగు మింగిన చెదల్లో, పేడపురుగుల్లో వాటి సొంత పురుగులుంటాయి. వాటి గుడ్లు ఎలుగు కడుపులోంచి అలాగే బయటికొస్తాయి. ఒక్క నమూనాలో మాత్రమే ఒకటి రెండు వింత గుడ్లు కనిపిస్తే ఫొటో తీసి పక్కన పెట్టండి, పేరు పెట్టకండి.

జూలో ముందు పైపుతో కడిగి, తర్వాత నమూనా తీయడం. నీళ్ళు పడితే గుడ్లు కొట్టుకుపోతాయి, పైగా ఎన్‌క్లోజరంతా పరుచుకుంటాయి. ముందు పారతో పొడిగా ఎత్తండి, తర్వాత కడగండి.

ఒక్క స్లైడు చూసి "పురుగుల్లేవు" అని రాసేయడం. జియార్డియా సిస్టులు రోజూ రావు. జూలో అయితే రోజు విడిచి రోజు మూడు నమూనాలు చూడండి. అడవిలో ఒకే ఎలుగును వెంబడించలేం కాబట్టి వేర్వేరు చోట్ల కుప్పలు ఎక్కువ చూడాలి. రిపోర్టులో "ఈ నమూనాలో కనిపించలేదు" అని రాయండి.

మీ ఫలితం సరైనదేనా

మూడు పరీక్షలు పెట్టుకోండి. మొదటిది: పురుగులున్నాయని ముందే తెలిసిన కుక్క పెంటను మీ ద్రవంతో తేల్చి చూడండి. దాంట్లో గుడ్లు తేలకపోతే మీ ద్రవంలోనే లోపం. రెండోది: ఒకే పెంట నుంచి రెండుసార్లు తూచి, రెండు లెక్కలు చేయండి. రెండింటికీ పొంతన లేకపోతే సరిగా కలపలేదన్నమాట. మూడోది: ఫొటోలు. ప్రతి అనుమానపు గుడ్డుకూ 10తోనూ 40తోనూ, కొలత గీతతో సహా ఫొటో తీసి దగ్గర్లోని వెటర్నరీ కాలేజీ పరాన్నజీవుల విభాగంలో చూపించండి. గుడ్డు చూసి కొంకిపురుగు అనడం వరకే మన పని. అది మనుషులకు వచ్చే జాతా కాదా అన్నది డీఎన్‌ఏ చెప్పాలి, ఆ ఇథనాల్ డబ్బా అందుకే.

జూలో మందు వేశాక ఊరుకోకండి. మందు వేసే రోజు లెక్క, 10–14 రోజుల తర్వాత లెక్క, రెండూ రాయండి. తగ్గకపోతే మోతాదా, మందా, తిరిగి అంటుకుందా అన్నది డాక్టరు చూసుకుంటారు. మందు ఏది, ఎంత అన్నది ఆ జూ వెటర్నరీ డాక్టరు మాత్రమే నిర్ణయించాలి.

తోటల్లో, ఊళ్ళో ఉండేవాళ్ళు అడిగేవి

పెంట కనిపించింది, మైక్రోస్కోపు లేదు, ఏం చేయాలి? ఒట్టిచేత్తో ముట్టుకోకండి. ఎలుగు దగ్గర్లో లేదని తేలాక పారతో కింద రెండంగుళాల మట్టితో సహా ఎత్తి, నీటి చెలమకు, పిల్లలు ఆడే చోటుకు దూరంగా లోతుగా పూడ్చండి. పారను కాగే నీళ్ళతో కడగండి. మొదటి వారంలోనే తీసేస్తే ఏలికపాము గుడ్డు అంటుకునే దశకు చేరకముందే అక్కడి నుంచి పోతుంది.

జీడిపిక్కలు, తునికాకు, ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్ళు ఒట్టికాళ్ళతో తిరుగుతారు. వాళ్ళకు చెప్పులు కాదు, కాలి వేళ్ళు మూసే బూట్లు ఇప్పించండి. నేల మీద పడ్డ జీడిపండు, నేరేడు కడగకుండా తినొద్దని పిల్లలకు చెప్పండి. నిజం చెప్పాలంటే, ఊళ్ళో మట్టిలో ఉండే కొంకిపురుగుల్లో ఎక్కువ భాగం మన కుక్కలవే. ఎలుగును చూసి భయపడుతూ ఇంటి కుక్కకు మందు వేయించకపోతే లాభం లేదు.

చర్మం మీద ఎర్రటి గీత పాములాగా వంకర్లు తిరుగుతూ రోజురోజుకూ ముందుకు జరుగుతూ, విపరీతంగా దురద పెడితే అది కొంకిపురుగు లార్వా కావచ్చు. గోకి పుండు చేసుకోకుండా డాక్టరుకు చూపించండి, తోటలో ఒట్టికాళ్ళతో నడిచామని తప్పకుండా చెప్పండి. స్టెరాయిడు మందులు వాడుతున్నవాళ్ళు ఆ సంగతి కూడా చెప్పాలి, స్ట్రాంగిలాయిడ్స్ ఉంటే ఆ మందులతో అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

ఫిబ్రవరి 10న బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర సరిపోతుందా అని తల్లులు అడుగుతుంటారు. 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకిచ్చే ఆ ఆల్బెండజోల్ మాత్ర పేగుల్లోని ఏలికపాములకు, కొంకిపురుగులకు పనిచేస్తుంది, తప్పక వేయించండి. చెలమ నీళ్ళ నుంచి వచ్చే జియార్డియాకు మాత్రం ఆ ఒక్క మాత్ర చాలదు. వాగు పక్కన ఎలుగు తిరిగే ఊళ్ళలో తాగే నీళ్ళు తెర్లేలా కాచి, ఒక నిమిషం పాటు తెర్లనిచ్చి, చల్లార్చి తాగండి.